కోదండరామయ్యగారి ఎక్కిళ్ళు

పెళ్ళయిన కొత్తలో మొదలైన సందేహం ఒకటి ముప్పై ఏళ్ళయినా సీతామహాలక్ష్మికి తీరలేదు. రోజూ పొద్దున్నే తలుపేసుకుని గంటసేపు పూజ చేసుకునే భర్త, బయటికొచ్చేసరికి చెమటలు పట్టి, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఎందుకుంటాడు? ఎవరినడిగినా భక్తి అన్నారు. పూజ తనూ చేస్తుంది. ఒక్కనాడూ ఒక్క వెంట్రుకా లేవలేదు. ఆయన పారాయణ గ్రంథాల మహిమేమో అనుకుందామంటే, ఆ ఎర్రపట్టు మూట ఎవరినీ ముట్టుకోనివ్వరు. మడి అంటారు. శుక్రవారం ఆ గ్రంథాలకి బొట్లు పెట్టడం కూడా ఆయనే.

"హిక్" అన్నారు కోదండరామయ్యగారు పూజగదిలోంచి వస్తూ.

"ఇవాళ్టికి ఆరో రోజక్కా" అన్నాడు ఆవిడ తమ్ముడు ధనుంజయ్. నాగాయలంకలో రొయ్యల చెరువులు వదిలేసి, బావగారి ఎక్కిళ్ళ కోసమే వచ్చి కూర్చున్నాడు.

ఎల్లుండి శనివారం. కృష్ణాజిల్లా శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుళ్ళో సుందరకాండ పారాయణ. బస్సు కండక్టరుగా రిటైరయిన కోదండరామయ్యగారు పదేళ్ళు ఎదురుచూస్తే ఈసారి పిలుపొచ్చింది. ఎక్కిళ్ళు ఆగకపోతే ఉయ్యూరు నుంచి ఇంకొకాయన్ని పిలుచుకుంటామని కమిటీవాళ్ళు కబురంపారు.

పంచదార మింగించారు. ఊపిరి బిగబట్టించారు. గుడివాడ డాక్టరు మాత్రలు అయిపోయాయి. ఎక్కిళ్ళొచ్చిన పిల్లలకి చేసినట్టు, ఉలిక్కిపడతారని లేని దొంగతనం కూడా అంటగట్టి చూశారు.

"పూజ కొబ్బరి దొంగతనంగా తిన్నారు కదూ!" అని సీతామహాలక్ష్మి గద్దించింది.

"నా బండి తాళాలు కొట్టేశారట!" అని ధనుంజయ్ అరిచాడు.

ఆయన చిరునవ్వు నవ్వి మళ్ళీ ఎక్కిలి పెట్టారు. బస్సులో ఎవరో మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి సెలవు పెట్టుకుని వెళ్ళిన మనిషి. ఆయన మీద దొంగతనం ఎక్కడ అంటుతుంది?

"గట్టిగా భయపడితే ఆగుతాయంట" అన్నాడు ధనుంజయ్.

"వెనక నుంచి నువ్వు టపాకాయ పేల్చావుగా. శ్రీరామా అని ఎక్కిలి పెట్టారంతే."

"అది అదురుపాటు. నేను చెప్పేది భయం. బావగారు టీవీ చూడరు, సినిమాకి రారు. మిగిలింది పుస్తకం. మంచి దెయ్యం కథల సంకలనం ఒకటి పట్టుకొచ్చి చదివి వినిపిద్దాం."

"దేవుణ్ణి నమ్మినవాళ్ళకి దెయ్యమంటే భయం ఉంటుందంటావా?"

"దేవుడే ఉంటే దెయ్యం మాత్రం ఉండదా అక్కా?"

ఆవిడ పుస్తకానికి డబ్బులు తీసి ఇచ్చింది.

గుడివాడలో పాత పుస్తకాల బండి మీద వంటలు, వాస్తు, పోటీ పరీక్షల గైడ్లు దొరికాయి. బందరులో షాపాయన "భయం పోగొట్టే పుస్తకాలు బోలెడున్నాయండీ, పుట్టించేవి లేవు" అన్నాడు. చివరికి అక్కావాళ్ళ ఊళ్ళో లైబ్రరీకే వెళ్ళాడు ధనుంజయ్.

"మంచివి ఆరుండేవండీ" అంది లైబ్రేరియన్ రాధాకుమారి. "ఏరి కూర్చిన సంకలనాలు. రిజిస్టరులో పేర్లున్నాయి, బీరువాలో పుస్తకాల్లేవు. నేను రాకముందే ఎవరో పట్టుకుపోయారు. ఈ రెండే మిగిలాయి. వీటికి భయం రాదు, నిద్రొస్తుంది."

ఆ సాయంత్రమే వరండాలో చదవడం మొదలుపెట్టాడు. "పాడుబడ్డ రైసుమిల్లులో కాపలావాడు లాంతరు ఎత్తి చూశాడు..."

"వాడు చచ్చి... హిక్... ఏడాదైంది" అన్నారు కోదండరామయ్యగారు.

ధనుంజయ్ చివరి పేజీ తిప్పి చూశాడు. నిజమే. ఇంకో కథ ఎత్తుకున్నాడు. పెళ్ళికూతురు ఇంకా కారు దిగనే లేదు.

"దాని కాళ్ళు వెనక్కి... హిక్... తిరిగుంటాయి. తక్కువ రకం. మొదటి పేజీలోనే తెలిసిపోతే భయం ఎక్కణ్ణించి వస్తుంది?"

"ఎలా చెప్పేస్తున్నారు బావగారూ?"

"పురాణాలు చదివిన మనిషిరా. కథ నడక తెలియదా?" అంది సీతామహాలక్ష్మి గర్వంగా.

శుక్రవారం సాయంత్రం, రేపటి గురించి ఆవిడ దేవుడి ముందు కళ్ళు తుడుచుకుంటుంటే, ఆ రెండు పుస్తకాలు తీసుకెళ్దామని రాధాకుమారి వచ్చి, ఎక్కిళ్ళ సంగతి విన్నది.

"దొంగతనం అంటగట్టి చూశారా?"

"అదీ అయిందమ్మా. ఆగలేదు."

"మీరు నవ్వుతూ అడిగుంటారు." రాధాకుమారి కళ్ళజోడు సర్దుకుని, వరండాలో మంచినీళ్ళు తాగబోతున్న కోదండరామయ్యగారి ఎదురుగా నిలబడింది. "ఏమండీ! మా లైబ్రరీలో ఆరు పుస్తకాలు ఎత్తుకొచ్చింది మీరేనట. నా దగ్గర రుజువుంది!"

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

ఒక నిమిషం. రెండు. ఐదు. ఎక్కిలి లేదు.

"గవర్నమెంటు గొంతంటే అదీ!" అని ధనుంజయ్ చప్పట్లు కొట్టాడు. అందరూ నవ్వారు. కోదండరామయ్యగారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

"చూడరా, చేతుల మీద వెంట్రుకలు! దేవుణ్ణి తలుచుకున్నట్టున్నారు" అని సీతామహాలక్ష్మి దణ్ణం పెట్టుకుంది.

పారాయణ దివ్యంగా జరిగింది. మీ మూట తీసుకురాలేదేమని భార్య అడిగితే, గుళ్ళో పుస్తకం ఉందిగా అన్నారు. తిరిగొచ్చాక సోమవారం పొద్దున చూస్తే పూజగదిలో పీట ఖాళీగా ఉంది.

"మూట ఏదండీ?"

"చేరాల్సిన చోటికి చేర్చాను. చాలా ఏళ్ళ బాకీ."

"ఏ పుణ్యాత్ములకో!" అని మురిసిపోయింది ఆవిడ.

ఆ పూటే రాధాకుమారి లైబ్రరీ తలుపు తీయబోతే, గడప మీద ఎర్రపట్టు మూట కనిపించింది. పసుపూ కర్పూరం వాసన. ఎవరో గ్రంథాలు దానం ఇచ్చారనుకుని, చెప్పులు విప్పి, కళ్ళకద్దుకుని, భక్తిగా ముడి విప్పింది.

ఆరు దెయ్యం కథల సంకలనాలకీ అట్టల మీద కుంకుమబొట్లున్నాయి.