సుద్దతో గీసిన సున్నాలు

"అక్కా, ఇవాళ కూడా ఆ కొంగే ముందు దూరింది గదిలోకి!"

ఫోన్లో అక్క నవ్వింది. "నువ్వు వెళ్లింది డాన్సు చెయ్యడానికా, కొంగల్ని కాపలా కాయడానికా?"

చెల్లెలికి ఒళ్లు మండింది.

దేశదేశాల కళాకారులు మూడు నెలలు ఒకచోట ఉండి సాధన చేసుకోవడానికని ఓ పాత నూలుమిల్లును బాగుచేయించారు. ఈసారి ఎంపికైన వాళ్లలో మన నర్తకి ఒకతె. వాళ్లలో చెప్పుల్లేకుండా ఆడేది ఆమె ఒక్కతే. చివర్న జరిగే ప్రదర్శన చూసి ఒక్కరినే ఏడాదిపాటు దేశాలన్నీ తిప్పుతారు. అదీ అసలు సంగతి.

కొంగ అంటే పైగదిలో దిగిన పొడుగామె. నడివయసు. ఎప్పుడూ బూట్లే. ఒక కాలు ఆపి ఆపి వేసే నడక. నర్తకి కంటికి అదంతా పొగరు.

చెక్కనేల ఉన్న పెద్దగది ఒక్కటే. గోడమీది పట్టికలో పొద్దున్న ఆరు నుంచి ఏడు వరకూ రోజూ పొడుగామె పేరే. గరుకుగాజు తలుపులోంచి చూస్తే నేలమీద పాకుతూ కనిపించేది.

"పాకడం కూడా ఓ డాన్సేనా?" అని నర్తకి మూతి విరిచింది గానీ, కడుపులో మంట చల్లారితేగా! ఆ మంచి గంట తనకెందుకు దక్కలేదు?

అంతటితో ఆగిందా? ఏడింటికి నర్తకి ఆడటం మొదలుపెడితే, ఆవిడ గోడవారన కూర్చుని, పాదాలకేసే చూస్తూ నోటుపుస్తకంలో ఏదో గీసుకునేది.

"నా అడుగులు దొంగిలిస్తోందక్కా."

"ఏం రాస్తున్నావని అడగరాదూ?"

"దొంగనడిగితే చెప్తుందా?"

ప్రదర్శనకు రెండు రోజుల ముందు నేలమీద సుద్దతో గీసిన సున్నాలు కనిపించాయి. పదకొండు. సరిగ్గా తను గిర్రున తిరిగే చోట, ఎగిరి దిగే చోట.

నర్తకి తిన్నగా మేనేజరు దగ్గరికెళ్లింది. "ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. నా నాట్యం మొత్తం నేలమీద గీసి పెట్టుకుంది!"

మేనేజరు ఏదో చెప్పబోయాడు. చెప్పనిస్తేగా!

గుమ్మంలో నిలబడి పొడుగామె అంతా విన్నది. "ఇంకొక్క రోజు ఉండనివ్వండి. పని కాస్త మిగిలింది" అంది మెల్లగా.

"చూశారా! కాపీ ఇంకా పూర్తికాలేదట!"

ఆవిడ నోటుపుస్తకం మేనేజరు చేతిలో పెట్టి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది.

నర్తకి తడిగుడ్డ తెచ్చి, మోకాళ్లమీద పాకుతూ సున్నాలన్నీ తుడిచేసింది. గుడ్డ రెండుమూడుచోట్ల నేలకి పట్టుకుని చిరిగింది. ఆ సంబరంలో అదెవరికి పట్టింది?

"ఇక గదంతా నాదేనక్కా!"

మర్నాడు ఆరింటికే మొదలుపెట్టింది. మూడోసారి ఎగిరి దిగుతూనే కెవ్వున అరిచి కూలబడింది.

మడమలో వేలెడు చెక్కపేడు దిగబడింది.

"మూడు వారాలు కాలు కింద పెట్టడానికి వీల్లేదు" అన్నాడు డాక్టరు, కట్టు కడుతూ. ప్రదర్శన రేపే.

మేనేజరు ఆ నోటుపుస్తకం తెచ్చి మంచంమీద పెట్టాడు. అందులో నాట్యం లేదు. నేల బొమ్మ ఉంది, పలక పలకా. నర్తకి పాదం గట్టిగా పడే చోట పేడు లేచి ఉంటే ఒక సున్నా. దాన్ని తీసి నునుపు చేశాక పక్కన టిక్కు. చివరి పేజీలో పదకొండు సున్నాలకు టిక్కు లేదు.

"వడ్రంగిని ఆరున్నరకి రమ్మన్నాను. మీరు ఆరింటికే దిగారు" అన్నాడు మేనేజరు.

"నాకొక్క మాట చెప్పుంటే..."

"ఆవిడే వద్దంది. నేలంటే భయం పట్టుకుంటే అడుగు పడదట."

నర్తకి చివరి పేజీమీద వేలు పెట్టింది. "ఎవరావిడ? వడ్రంగి పనావిడా?"

"కాదమ్మా, మొదటి ఏడాది ఇక్కడికొచ్చిన నర్తకి. మీలాగే చెప్పుల్లేకుండా ఆడి, ఆ నేలమీదే పేడు గుచ్చుకుని, చీముపట్టి కాలివేళ్లు పోగొట్టుకుంది. అప్పట్నుంచీ ఉత్తకాళ్లతో ఆడేవాళ్లు వస్తున్నారని తెలిస్తే చాలు, ఎవరూ పిలవకుండానే వచ్చి నేలంతా అరచేతులతో తడిమి చూస్తుంది."