పదకొండో మలుపు

"ఇది ఎన్నోది తమ్ముడూ?" వెనక సీటు మీంచి పెద్దల్లుడు అడిగాడు.

"ఏడు" అన్నాడు ముందు కూర్చుని తొక్కుతున్న చిన్నల్లుడు. అంతవరకూ నిజమే.

పదకొండు మలుపులు ఎక్కితే కొండ కొన. అక్కణ్ణుంచి మూడు వైపులా సముద్రం కనపడుతుందంటారు. అవతలి వైపు దిగితే చుట్టు పూర్తయి, సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు దగ్గరికే వస్తారు. "ఇద్దరు తొక్కే కొండ సైకిలుంటుందట. ఒక్కసారి నన్ను పైదాకా తీసుకెళ్ళవయ్యా" అని పెద్దల్లుడు మూడు వారాలుగా అడుగుతున్నాడు. ఆయన ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. చూపు లేదు. తోడల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనడం ఎలాగని, మందుల షాపు నడుపుకునే చిన్నల్లుడు ఈ ఆదివారం ఒప్పుకున్నాడు.

ఇప్పుడు తొడలు పట్టేశాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎడమవైపు దారి ఇంకా నిటారుగా పైకి పోతోంది. కుడివైపు సన్నటి అడ్డదారి ఒకటి చదునుగా, నీడగా, కొండ నడుము చుట్టూ తిరిగి అవతలి దిగుడులో కలుస్తోంది.

"దిగి కాస్త నడుద్దామా అన్నయ్యా?"

"నడిస్తే తొక్కినట్టెలా అవుతుంది? నీకు ఆయాసంగా ఉంటే చెప్పు, వెనక్కి పోదాం. నేనేమీ అనుకోను."

"నాకేం ఆయాసం? మీ కోసం అడిగాను."

ఆ మాట అనేశాక ఇంక వెనక్కి పోదామనడానికి నోరు రాలేదు. హ్యాండిల్ కుడివైపు తిప్పాడు.

అడ్డదారిలో మలుపులు లేవు. అందుకని కొంత దూరం పోయాక హ్యాండిల్ కావాలని వంకరగా తిప్పి "ఎనిమిది" అన్నాడు. ఇంకొంచెం పోయి మళ్ళీ తిప్పి "తొమ్మిది" అన్నాడు. ఎక్కుతున్నట్టు బరువుగా ఉండాలని బ్రేకు కొద్దిగా నొక్కిపట్టాడు. వెనక ఆయన, పాపం, ఒళ్ళంతా వంచి పెడళ్ళు తొక్కుతున్నాడు.

"గట్టివాడివేనయ్యా. అత్తగారు ఇన్నేళ్ళూ నీకు కొసరి కొసరి పెట్టిందంతా తొడల్లోకే పోయినట్టుంది. నాకు పెట్టింది మాత్రం పొట్ట దగ్గరే ఆగిపోయింది."

చిన్నల్లుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"పదకొండు. వచ్చేశాం అన్నయ్యా."

అది సగం కొండ మీద ఒక రాతి చప్టా. ఒక్క వైపే సముద్రం, అదీ చెట్ల సందుల్లోంచి. కింద అలలు రాళ్ళకు కొట్టుకుని విరిగి పడుతున్నాయి.

పెద్దల్లుడు హెల్మెట్ తీసి, గాలికి మొహమిచ్చి నిలబడ్డాడు. "చెప్పు, ఏం కనపడుతోంది?"

"మూడు వైపులా నీళ్ళే. పడవలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. దూరంగా లైట్‌హౌసు..." లైట్‌హౌసు ఉందో లేదో అతనికే తెలియదు.

"మన ఇళ్ళు కనపడుతున్నాయా?"

"ఆ. మేడ మీద మా ఆవిడ బట్టలు ఆరేస్తోంది."

"నిన్ను గుర్తుపట్టిందేమో చూడు" అని పెద్దల్లుడు నవ్వాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. పెదవులు మెల్లగా కదిలాయి.

చిన్నల్లుడు తల దించుకున్నాడు. దేవుడికి దండం పెట్టుకోందే ఏనాడూ షాపు తలుపు తీసినవాడు కాదు. అబద్ధంలో నిలబెట్టి ఒక మనిషి చేత పెట్టించిన దండం ఆ దేవుడికి చేరుతుందా? చేరితే, ఆ పక్కన నిలబడ్డ తనను చూసి ఏమనుకుంటాడు?

కిందికి దిగేసరికి షాపతను సైకిలు అందుకుంటూ "ఈసారి తొందరగా వచ్చేశారే" అన్నాడు.

చిన్నల్లుడు తల వంచుకుని జేబులో అద్దె డబ్బులు వెతుక్కోసాగాడు.

"గాలి కలిసొచ్చింది" అని పెద్దల్లుడే జవాబు చెప్పి, బల్ల మీద కూర్చుని అత్తగారికి ఫోను కలిపాడు. "అత్తయ్యగారూ, మీ చిన్నల్లుణ్ణి ఏమో అనుకున్నాం గాని, సామాన్యుడు కాదండి. కాలు కింద పెట్టకుండా తొక్కాడు. ఆయాసం కూడా రాలేదట."

అత్తగారి సంబరం ఫోనులోంచి బయటికి వినపడుతోంది. సాయంత్రానికి చుట్టాలందరికీ తెలిసిపోతుంది. ఎక్కడికైనా పోయి మొహం దాచుకుందామనిపించింది అతనికి.

ఫోను పెట్టేయగానే చిన్నల్లుడు ఆయన పక్కన కూలబడ్డాడు.

"అన్నయ్యా, మనం పైకి పోనేలేదు. ఏడో మలుపులో అడ్డదారి పట్టాను. మిమ్మల్ని మోసం చేశాను."

పెద్దల్లుడు హెల్మెట్ పట్టీని వేళ్ళతో తడుముతూ "తెలుసయ్యా" అన్నాడు. "పైన అలల చప్పుడు వినపడదు. ఉత్త గాలే."

"వినపడదని మీకెలా తెలుసు?"

"పోయిన నెల మీ ఆవిడ నన్ను పైదాకా ఎక్కించింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. పైన నిలబడి ఒకటే బాధ, 'మా ఆయనకి పొద్దస్తమానం ఆ మందు సీసాలే బావగారూ, ఒక్కసారి ఆయన ఇది చూస్తే బాగుండు' అని."

పెద్దల్లుడు చెయ్యి చాచి, వెతికి, అతని భుజం పట్టుకున్నాడు.

"నాకేం కనపడుతుందయ్యా అక్కడ? నీకు చూపిద్దామనే కదా, నన్ను తీసుకెళ్ళమని అడిగింది."