ఆత్మారాం బకెట్

"బకెట్ల ఏమున్నది ఆత్మారామన్నా?"

పరమేశ్వర్ గేటుకు అడ్డంగా నిలబడి అడిగాడు. ఆత్మారాం దాచలేదు. పైనున్న తడిబట్ట తీశాడు. వేలెడంత కొర్రమీను పిల్లలు. తొట్టిలో వాటి తోటివన్నీ ఇంకా గోరంతే ఉన్నాయి.

పరమేశ్వర్‌కు ఒళ్లు మండింది. పసుపు పండే తన చెల్కలో సిమెంటు తొట్లు కట్టి, నవీపేట్ మొత్తం నవ్వుతుంటే గుడ్డు దశ నుంచి చేపపిల్లలను పెంచుతున్నాడు. ఈ విడత దక్కకపోతే ఇక కూలికి పోవాల్సిందే. తొట్లు చూసుకోమని నమ్మి తాళాలిస్తే కంచే చేను మేస్తోంది.

"ఎటు కొంటవోతున్నవ్?"

"ఎనుక గుంతలకు."

"అమ్ముకునేటోడు గంతే చెప్తడు. బలిసినయన్నీ ఏరుకపోతున్నవ్."

"ఏరాలె పటేలా. ఏరకుంటే తొట్టి ఆగమైతది."

"బెదిరిస్తున్నవా?"

ఆత్మారాం గోదావరిలో వలలేసి ముసలివాడైన మనిషి. మాట పడే రకం కాదు. బకెట్ కింద పెట్టి, తాళాలు దాని పక్కన పడేశాడు.

"పది దినాలాగి సూడు," అని వెళ్లిపోయాడు.

పరమేశ్వర్ ఆ పిల్లలను తన చేతులతోనే మళ్లీ తొట్టిలో వంపేశాడు.

మూడో రోజుకు తొట్టిలో పిల్లలు పలచబడ్డాయి. చచ్చిన పిల్ల ఒక్కటీ తేలలేదు. కొత్త తాళం వేశాడు, పైన వల కప్పాడు, కెమెరా పెట్టించాడు. కెమెరాలో పిల్లి కూడా కనబడలేదు. చల్లిన మేత మాత్రం నీళ్లమీద అలాగే మిగిలిపోతోంది.

"దొంగైతే దొరకకపోవునా?" అంది భార్య భాగ్యలక్ష్మి. "పది దినాలన్నడు. గది ఉత్త మాట కాదు. బాణామతి."

"నోర్ముయ్," అన్నాడు గానీ, ఆ మాట కడుపులోకి దిగిపోయింది. ఆ రోజు నుంచి తొట్టి దగ్గరికి ఒంటరిగా వెళ్లాలంటే భయమేసింది.

ఎనిమిదో రోజుకు సగం లేవు. పదో రోజుకు ఊరంతా అదే మాట. తమ్ముడు విష్ణు నలుగురిని వెంటేసుకుని మోటారు బండ్ల మీద వచ్చాడు. చేతుల్లో కట్టెలున్నాయి.

"ముసలోని పండ్లు రాలగొడితే మంత్రం ఇరుగుతది. నువ్వు ఊ అను అన్నా, సాలు."

పరమేశ్వర్ తొట్టి వైపు చూశాడు. మొన్నటిదాకా నల్లగా కదిలిన నీళ్లలో ఇప్పుడు అడుగు కనబడుతోంది. ఏడుపొచ్చింది.

"ఊ," అన్నాడు.

బండ్లు ఆత్మారాం ఇంటివైపు మళ్లాయి. వాటి చప్పుడు చెరకు తోటల వెనక కలిసిపోయింది.

మిగిలినవాటినైనా వేరే తొట్టిలోకి మార్చి కాపాడుకుందామని పరమేశ్వర్ తొట్టిలోకి దిగి అడుగు బిరడా లాగాడు. నీళ్లు మోకాళ్ల నుంచి మడమలకు దిగాయి. అతను వంగి చూశాడు.

ఒక లావుపాటి పిల్ల నోట్లోంచి మరో పిల్ల తోక ఆడుతోంది.