రెండు ముక్కల తర్జుమా

ట్యాంకరు కాంట్రాక్టరు ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు.

కెప్టెన్ దుబాసీ వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

"రోడ్డు బాగాలేదంటున్నాడు సార్."

"అంతేనా?"

"అంతే సార్."

కెప్టెన్ ఆ పరాయి లోయలోని శిబిరానికి వచ్చి ఆరు నెలలైంది. అక్కడి భాష దళంలో ఎవరికీ రాదు. మాట ఇటునుంచి అటు వెళ్ళాలన్నా, అటునుంచి ఇటు రావాలన్నా ఆ ముసలి దుబాసీ నోటి గుండానే. ఎంతటి ప్రసంగాన్నయినా చిటికెలో తేల్చేస్తాడని జవాన్లు ఆయనకు 'రెండు ముక్కల బాబాయ్' అని పేరు పెట్టారు.

"వాడు పురాణం విప్పినా బాబాయ్ 'నమస్కారమన్నాడు' అనే చెప్తాడు సార్," అన్నాడు హవల్దార్.

కెప్టెన్ నవ్వలేదు.

"ఆలస్యం ఎందుకైందో అడగండి," అన్నాడు దుబాసీతో.

ఆ చిన్న ప్రశ్నకు దుబాసీ రెండు నిమిషాలు తీసుకున్నాడు. గొంతు తగ్గించాడు. ఒకసారి వేలు కూడా చూపించాడు. కాంట్రాక్టరు ముఖం ముడుచుకుంది.

అంత చిన్న ప్రశ్నలో బెదిరింపుకు చోటెక్కడుంది?

అనుమానం ఆ రోజు పుట్టింది కాదు. కొండమీది పోస్టులో తొమ్మిదిమంది జవాన్లున్నారు. హీటరైనా రేడియో అయినా అక్కడ డీజిల్ మీదే నడవాలి. పోయిన నెల వెళ్ళిన డీజిల్‌లో సగం నీళ్ళే. పోస్టు ఒక రోజంతా మూగబోయింది. మంచుకు దారి మూసుకుపోయేలోగా పైకి ఇంకొక్క లోడు మాత్రమే వెళ్తుంది. అదీ అలాంటిదే అయితే తొమ్మిదిమందినీ చలికి అప్పగించినట్టే.

"ఆ నీళ్ళ లోడు వచ్చిన రోజు మీ బాబాయ్ సెలవు కదూ?" అన్నాడు కెప్టెన్, గదిలో హవల్దారూ తనూ మిగిలాక.

"అవును సార్. వాళ్ళావిడకు జ్వరమన్నాడు."

"సరిగ్గా ఆ రోజే."

"మనిషి మంచివాడిలాగే ఉంటాడు సార్."

"అలా లేకపోతే పని జరగదు కదయ్యా."

మరుసటి వారం దుబాసీ బయట ట్యాంకరు దగ్గరుండగా కాంట్రాక్టరు ఒక్కడే గదిలోకి వచ్చాడు. వెనక్కి చూసి తలుపు దగ్గరగా వేశాడు. బొటనవేలూ చూపుడువేలూ రాసి చూపించాడు. కిటికీలోంచి దుబాసీ వైపు చూపించాడు. తల అడ్డంగా ఊపాడు.

ఆ దేశంలో కెప్టెన్‌కు దుబాసీ లేకుండా అర్థమైన మొదటి మాట అదే. ఈ మనిషి డబ్బు అడుగుతున్నాడు, ఇది అన్యాయం.

మర్నాడు ముసలాయన్ని పిలిపించాడు. అంతవరకూ 'మీరు' అన్నవాడు 'నువ్వు'లోకి దిగాడు.

"నీ శిబిరం గుర్తింపు కార్డు బల్లమీద పెట్టు."

"ఎందుకు సార్?"

"ఐదు నిమిషాల మాటలో నాలుగు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి?"

ముసలాయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

"నాకు చెప్పాల్సింది మింగేస్తున్నావు. నేను అననిది వాళ్ళతో అంటున్నావు. అవునా, కాదా?"

"అవును సార్."

అంత తేలికగా ఒప్పుకుంటాడని కెప్టెన్ అనుకోలేదు. "ఎందుకు?"

ముసలాయన అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు, తూకం వేస్తున్నట్టు.

"అనుమానం మీకొక్కరికే కాదు సార్, నాకూ ఉంది."

"ఎవరిమీద?"

ఆయన కార్డు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది లేకపోతే ఈ ఊళ్ళో నన్ను బతకనివ్వరు సార్."

"ఆ సంగతి ముందే ఆలోచించుకోవాల్సింది."

"లోడు వచ్చినప్పుడు కర్ర అడుగుదాకా దించి చూడమనండి. నీళ్ళు అడుగునే ఉంటాయి."

దొంగకు కాక ఇంకెవరికి తెలుస్తాయి ఈ కిటుకులు, అనుకున్నాడు కెప్టెన్.

కొత్త దుబాసీ ఒక పంతులమ్మ. పొల్లు పోకుండా చెప్పే మనిషి. ఆమె మొదటి రోజే కాంట్రాక్టరు వచ్చాడు. ఎన్నడూ లేనిది కుర్చీలో చేరగిలబడి, నవ్వుతూ చాలాసేపు మాట్లాడాడు.

"ఉన్నదున్నట్టు చెప్పమంటారా సార్?"

"అందుకే కదమ్మా మిమ్మల్ని పిలిపించింది."

"మీకు ముందొచ్చిన ఇద్దరు కెప్టెన్లూ డీజిల్ డబ్బులో వాటాకు ఒప్పుకున్నారట. అప్పుడూ ఆ ముసలాయనే దుబాసీ. వాళ్ళకు అన్నీ చెప్పేవాడట."

కెప్టెన్ కలం కింద పెట్టాడు.

"మీరొచ్చాక మాత్రం వారం వారం ఒకటే మాటట. వాటా ఊసెత్తితే కాంట్రాక్టు రద్దు చేస్తానని మీరు అన్నట్టు చెప్పేవాడట. అది మీ మాటో ఆయన మాటో తేలక, ఇస్తామంటే ఈయన పడనివ్వడం లేదని, ఆ రోజు ఇతనే మీకు సైగ చేసి చెప్పాడట. మర్నాడే ఆయన్ని పంపించేశారు కదా. అంటే మీరు ఒప్పుకున్నట్టే కదా అని అడుగుతున్నాడు."



ముందున్న ఇద్దరూ ఆ ప్రశ్నను ఎదుర్కొని ఓడిపోయారు. తనదాకా ఆ ప్రశ్న రానేలేదు. వచ్చి ఉంటే?

"ఏమని చెప్పమంటారు సార్?"

"వద్దని చెప్పండి."

ఆ మాట అతను తన నోటితో అనడం అదే మొదటిసారి.

ఆమె చెప్పింది. కాంట్రాక్టరు పకపకా నవ్వాడు.

"ఏమంటాడు?"

"నాకు తర్జుమా రాదంటున్నాడు సార్."

హవల్దార్ జీపు తీసుకుని ముసలాయన ఇంటికి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంటికి తాళం సార్. జ్వరం తగ్గని వాళ్ళావిడను బండెక్కించుకుని సరిహద్దు దాటేశాడట. ఎటు వెళ్ళాడో చెప్పేవాళ్ళు లేరు."

ఆరు నెలలుగా ఆ లోయ భయపడుతూ వచ్చిన, లంచం ముట్టని కెప్టెన్ ఆ ముసలాయనే.