ఏడు జెండాలు

గార్డు గదిలో కూర్చుని, కోసిన కాయని మైక్రోస్కోపు కింద పెట్టాను. పిండికన్నా సన్నని గింజలు, వేలకు వేలు. ఒక్కదానిలోనూ పిండం లేదు. అన్నీ తాలే.

"ఈసారీ అంతేనా?" అన్నాడు బాబాయ్. ఈ అడవికి గార్డు ఆయనే.

"అంతే. ఉన్నవే ఏడు ఆర్కిడ్ మొక్కలు. వేరే మొక్క పుప్పొడి పడితేనే దీనికి గింజ కడుతుంది. తేనెటీగలు రావట్లేదని మూడేళ్లుగా నేనే పుల్లతో ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటిస్తున్నాను. ఇంకేం చేసి చావను బాబాయ్? ఇవి పోతే ఈ జాతే ఉండదు."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వు మొదటిసారి వచ్చి మొక్కకో జెండా పాతి వెళ్లావు చూడు, ఆ ఏటి ఎండలకి ఆరు మొక్కలు చచ్చిపోయాయి తల్లీ. తిరిగొచ్చి ఏడుస్తావని, మిగిలినదాని దుంపే ముక్కలు చేసి ఆ ఆరు చోట్లా నాటాను. అన్నీ బతికితే ఎంత సంబరపడ్డానో!"

కిటికీలోంచి ఏడు ఎర్ర జెండాలూ కనిపిస్తున్నాయి. మూడేళ్లుగా వానల్లో, బురదలో మోకాళ్ల మీద పాకుతూ, నేను ఆ ఒక్క మొక్కని దానికే ఇచ్చి పెళ్లి చేస్తున్నాను.