పావుగంట భోజనం

"అన్నం తినడానికి పావుగంటా? నమలమంటారా, మింగమంటారా?"

సబ్బుల ఫ్యాక్టరీ గేటు పక్కనున్న యూనియన్ ఆఫీసులో, భోజనం టైము అరగంట నుంచి పావుగంటకు తగ్గించిన నోటీసును బల్ల మీద విసిరికొట్టింది వదిన. ఆవిడ పనిచేసే ప్యాకింగ్ సెక్షన్లో నలభై రెండు మంది ఆడవాళ్లున్నారు. అందరికీ ఆవిడ వదినే. అందులో సొంత ఆడపడుచు కూడా ఉంది. షుగర్ మనిషి. నిన్న సగం డబ్బా వదిలేసి పరుగెత్తుకొచ్చి, మెషిన్ దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది.

"క్యాంటీన్‌కి పోవడానికి నాలుగు నిమిషాలు, రావడానికి నాలుగు. చేతుల జిడ్డు వదలడానికి మూడు. ఇక మిగిలిందెంతో మీరే చెప్పండి" అంది వదిన.

యూనియన్ ప్రెసిడెంటును అందరూ పెద్దాయన అంటారు. ఆయన నోటీసును కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

"ఆ రోజులే వేరమ్మా. అప్పట్లో నేను గేటు దగ్గర నిలబడి దగ్గితే లోపల బాయిలర్ ఆగిపోయేది."

"అది బాయిలరే పాతదై ఆగేది లెండి" అన్నాడు సెక్రటరీ. గొంతు పెద్దది కాబట్టి ఆయన పేరు మైకు. "అసలు బలమంటే నేను సెక్రటరీ అయిన కొత్తలో చూడాలి. మనం లోపలికి అడుగు పెట్టగానే మేనేజరు కుర్చీలోంచి లేచేవాడు."

"లేచి బయటికి పోయేవాడు" అన్నాడు పెద్దాయన.

మాటా మాటా పెరిగింది. యూనియన్ ఏ సంవత్సరం నుంచి చచ్చుబడిందనే విషయం మీద ఇద్దరూ ముప్పావుగంట పోట్లాడుకున్నారు. ఈలోగా నోటీసు ఫ్యాన్ గాలికి ఎగిరి బల్ల కింద పడింది. ఎవరూ చూసుకోలేదు.

వదిన వంగి దాన్ని తీసుకుంది.

"నేను చేరి పదకొండేళ్లయింది. చేరిన రోజు నుంచీ ప్రతి మీటింగులో ఇదే పాట. యూనియన్ నిన్నటిదాకా పులట, ఇప్పుడు పిల్లట. అయితే నేను చేరబట్టే చెడిందంటారా?"

అలా ఆలోచించాలని అప్పటిదాకా తట్టనట్టు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లేవండి. లేబర్ ఆఫీసర్ దగ్గరికి పోదాం" అంది వదిన.

కార్మికుల గొడవలు తీర్చడానికి కంపెనీ నియమించిన మనిషి ఆ ఆఫీసరు. ముగ్గుర్నీ చూడగానే చుట్టాలొచ్చినంత సంబరంగా కుర్చీలు జరిపాడు. టీ తెప్పించాడు. మైకుకు ధైర్యం వచ్చింది.

"మేం నాలుగు వందల మందిమి సార్, గుర్తుపెట్టుకోండి!"

"ఎనభై మూడు" అన్నాడు ఆఫీసరు. "చందా జీతంలోంచి పట్టి మీకు పంపేది నేనే కదండీ. సర్లే, ఇప్పుడేం చేస్తారు? సమ్మె చేస్తారా?"

పెద్దాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అబ్బెబ్బే! సమ్మె ఏమిటి సార్, ఈ వయసులో!"

"పోనీ, గేటు ముందు ధర్నా?"

"ఎండలు మండిపోతున్నాయి కదా సార్" అన్నాడు మైకు.

"కనీసం నల్ల బ్యాడ్జీలు?"

"పెట్టుకోవచ్చు గానీ సార్... పిన్నీసులు గుచ్చి కొత్త యూనిఫాం పాడవుతుందని మావాళ్లు ఒప్పుకోరు" అన్నాడు పెద్దాయన.

ఆఫీసరు నీరుగారిపోయి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇదేదో ఉచ్చు, నోరు జారకండి" అని మైకు పెద్దాయన చెవిలో గొణిగాడు. ఆ గొణుగుడు వరండా చివరిదాకా వినబడింది.

వదిన లేచి నిలబడింది. కొంగు నడుముకు బిగించింది.

"వీళ్ల సంగతి నాకు తెలీదు సార్. రేపు నా సెక్షన్ మొత్తం అరగంట కూర్చునే తింటుంది. మెషిన్ తిరిగితే తిరగనీండి, సబ్బులు కిందపడితే పడనీండి. మా ఆడపడుచులా ఇంకొకరు పడిపోతే నేను చూస్తూ ఊరుకోను."

ఆఫీసరు నిటారుగా కూర్చున్నాడు. "ఎంతమంది?"

"నలభై రెండు."

"రాసిస్తారా?"

"పెన్నివ్వండి."

ఆవిడ రాసి సంతకం చేసిన కాగితాన్ని ఆఫీసరు రెండుసార్లు చదివాడు. వాళ్ల ముందే హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడ పరిస్థితి చెయ్యి దాటిపోతోంది... అవును సార్, యూనియనే... లేదు సార్, ఇంత పొగరుగా ఎప్పుడూ చూడలేదు... అమ్మో, నేను లేకపోతే ఫ్యాక్టరీ మూతే సార్... సరే సార్, ఎలాగోలా సర్దుతాను."

ఫోన్ పెట్టేసి, పట్టని చెమట తుడుచుకున్నాడు. పావుగంట నోటీసు రద్దంటూ అక్కడికక్కడే టైపు చేసి, ముద్ర గుద్ది ఇచ్చాడు.

పెద్దాయన, మైకు గేటు దగ్గరికి పరుగు తీశారు. "మన యూనియన్ దెబ్బంటే ఇదీ!" అని మైకు అరవడం, "అంతా నా హయాంలోనే!" అని పెద్దాయన సరిదిద్దడం కిటికీలోంచి వినిపించింది.

వదిన కళ్లు చెమర్చాయి. పదకొండేళ్లుగా చెవులారా వింటున్న బలాన్ని ఇవాళ్టికి కళ్లారా చూసింది. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"సార్, అరగంటను పావుగంట చేయాలన్న బుద్ధి హెడ్డాఫీసులో ఎవరికి పుట్టింది? పేరు చెప్పండి, ఆయనకీ ఒక ఉత్తరం రాసిస్తా."

ఆఫీసరు లేచొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"వాళ్లకసలు ఆ నోటీసు సంగతే తెలీదమ్మా. యూనియన్ ఎప్పుడో చచ్చింది, ఇంకా లేబర్ ఆఫీసర్ ఎందుకని పోయిన వారమే నా పోస్టు ఎత్తేస్తామన్నారు... ఒక్కరైనా లేచొస్తారేమోనని నేనే అంటించాను!"