సోలమ్మ కొలిచిన అడవి

కొండ మీద ఏనుగులు చెట్టు కూల్చరాదని పులిరాజు శాసనం చేశాడు. ఏడాది తిరిగాక, దానివల్ల ఎంత అడవి దక్కిందో కొలిచి రమ్మని వడ్రంగి పిట్ట సోలమ్మను పంపాడు. సోలమ్మ కొండంతా చెట్టు చెట్టూ తిరిగింది. ఒక్కటీ కూలలేదు. ఆ మాట చెప్పగానే సభంతా కేరింతలు కొట్టింది.

సోలమ్మ పొంగిపోతూ ఇంటిదారి పట్టింది. ఏటి ఒడ్డున ఏనుగుల పెద్ద కనిపించేసరికి ఆగింది.

"మామా, కొండ మీద ఆకు ముట్టడం లేదు కదా! మరి ఇంత ఒళ్లు ఎలా చేశావు?"

"ఎగువ అడవికి పోతున్నాం పిల్లా. కొండ మీదే కదా వద్దన్నారు! రాజుగారి మాట మేమెప్పుడైనా జవదాటామా?"

సోలమ్మ రివ్వున ఎగువకు ఎగిరింది. అక్కడ వాలడానికి కొమ్మ దొరకలేదు. కనుచూపు మేర మానులన్నీ వేళ్లతో సహా పడి ఉన్నాయి. రెక్కలు రాని చిలక పిల్లలు బురదలో అరుస్తున్నాయి.

సోలమ్మ సభకు తిరిగొచ్చింది. "ప్రభూ, నా కొలత తప్పు. ఇక్కడ నిలిచినన్ని చెట్లూ అక్కడ కూలాయి!"

పులి విసుక్కున్నాడు. "ఎగువ అడవి నా రాజ్యం కాదు. అక్కడి లెక్క మనకెందుకు?"

"మన ఏటికి నీళ్లొచ్చేది అక్కణ్ణించే కదా ప్రభూ!"

సభ మొత్తం ఏటి వైపు తిరిగింది. ఎన్నడూ ఎవరూ చూడని అడుగురాళ్లు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి.